తువ్వాలు కింద పాట

కిందటి వారం మనం నలుగురు మనుషుల్ని ఒక తువ్వాలు చుట్టూ కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా వాళ్లు అలాగే చేతులు చాపుకుని ఉన్నారు. ముందు వాళ్ల సంగతి చూద్దాం.

ఈ వారమే కథలోకి వచ్చినవారికి రెండు ముక్కలు చెప్పాలి. నరసరావుపేటలో పాత ఇంగ్లీషు నాణేలు పోగుచేసే ముగ్గురు రెండో ఆదివారాలు కలుసుకుంటారు. కలిసేది నాగభూషణరావు గారి మూతపడ్డ జిన్నింగ్ మిల్లు ఆఫీసు గదిలో. ఆయన డెబ్బై రెండేళ్ల పత్తి వ్యాపారి, ముగ్గురికీ పెద్ద. హైమావతి పోస్టాఫీసులో రిటైరయిన మనిషి, వెండి షిల్లింగులంటే పడి చస్తుంది, బంగారం మాత్రం ముట్టదు. మూడోవాడు మన సుభానీ, బోరు మోటార్లకి వైండింగ్ చేసుకుని బతికేవాడు. ఈ ఆదివారం హైదరాబాదులో ఇంగ్లీషు నాణేల వేలం. ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో పాట పాడుకోవచ్చు. అందుకని సుభానీ కూతురు ముస్కాన్ లాప్‌టాప్ తీసుకుని నాన్నతో వచ్చింది.

అందులో 212వ నంబరు వస్తువు 1918లో బొంబాయిలో అచ్చయిన బంగారు కాసు. ఒకవైపు గడ్డం రాజు, రెండోవైపు గుర్రం మీద వీరుడు. గుర్రం కాళ్ల కింద, సంవత్సరం అంకెలకు కాస్త పైన, చీమంత 'ఐ' అక్షరం. ఇండియాలో పుట్టిన కాసు అని ఆ అక్షరం గుర్తు. క్యాటలాగులో దాని బొమ్మ కింద ఒక చిన్న మాట రాసి ఉంది: "రాజు మెడ కింద అతుకు గుర్తు." మెళ్లో వేసుకున్న కాసులకి అతుకు మామూలుగా రాజు తల మీద ఉంటుంది. దీనికి మెడ కింద ఉంది. అంటే ఎవరో ఈ రాజుని తలకిందులుగా వేలాడదీసుకున్నారు.

ఆ ఎవరో ఎవరో సుభానీకి తెలుసు. వాళ్లమ్మ జాన్‌బీ. "నేను చూసుకోడానికి గదా, ఊరికి చూపించడానికా? నేను తల వంచితే నాకు నిటారుగా కనపడాల" అని కంసాలితో పోట్లాడి మరీ కొక్కెం కింద వేయించుకున్న మహాతల్లి. ముప్పై ఒక్క ఏళ్ల కిందట కొడుకు షాపు పెట్టుకోవడానికి ఆ కాసు ఇంట్లోంచి వెళ్లిపోయింది, కంసాలికే అమ్మారని సుభానీ అనుకున్నాడు. జాన్‌బీకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని మాట ఎత్తలేదు, కానీ ఉత్త మెడని బొటనవేలితో తడుముకోవడం మానలేదు. ఆమె ఉండగా ఆ కాసు తెచ్చి ఆ చేతిలో పెట్టాలి. సుభానీకి ఈ భూమ్మీద వేరే కోరిక లేదు.

ఇక తువ్వాలు సంగతి. మనలో మనం పోటీపడి ధర పెంచుకోవడం ఎందుకని ఈ ముగ్గురూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. మాచర్ల వైపు పశువుల సంతలో బేరగాళ్ల దగ్గర నేర్చిన పద్ధతి. పాటకి ముందు నాగభూషణరావు ఒళ్లో తువ్వాలు పరుస్తాడు. ఎవరు ఎంతదాకా పోగలరో తువ్వాలు కింద వేళ్లు చాపి చెప్పాలి, ఆయన తడిమి చూస్తాడు. ఈ కాసుకి లక్ష మీద నిండు వేలికి పదివేలు, మడిచిన వేలికి అయిదు. ఎక్కువ వేళ్లు ఇచ్చినవాళ్లే పాట పాడాలి, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. సుభానీ అయిదు వేళ్లూ చాపాడు. అంతకుమించి అతని దగ్గర లేదు.

నాగభూషణరావు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పాట హైమావతిది" అన్నాడు. "హైమది అయిదు. సుభానీది నాలుగున్నర."

సుభానీకి ముందు అర్థం కాలేదు. నవ్వబోయాడు కూడా.

"బాబాయ్, నేను అయిదిచ్చా."

"నాలుగున్నరే తగిలింది."

"అయిదు వేళ్లూ చాపితే నాలుగున్నరెట్టా అయిద్ది?"

నాగభూషణరావు అతని కళ్లలోకి చూడలేదు. లాప్‌టాప్ వైపు చూస్తూ అన్నాడు. "నీ ఉంగరం వేలు సగమే గదరా. సగం వేలంటే సగమే. ఏ సంతకైనా పోయి అడుగు."

ముస్కాన్ ఫక్కున నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

సుభానీ కుడిచేతి ఉంగరం వేలు నిజంగానే సగం. పాతికేళ్ల వయసులో డీజిల్ ఇంజను బెల్టు మిగతాది తీసుకుంది. ఆ చెయ్యిని అతను ఇప్పుడు బల్ల మీద పరిచి పెట్టాడు. కోపం వచ్చినప్పుడు సుభానీ అరవడు, గొంతు ఇంకా తగ్గిపోతుంది.

"పద్దెనిమిదేళ్ల నుంచి నా చెయ్యి తడుముతున్నావు బాబాయ్. ఇన్నేళ్లూ దీన్ని నిండు వేలుగానే లెక్కేశావు. కిందటేడు ఆ వెండి క్రౌను నాణెం పాటప్పుడు నేనే అన్నా, ఇది సగం వేలు, సగమే వేసుకో అని. ఏమన్నావు? 'దేవుడు తీసుకున్న ముక్క మనం తియ్యగూడదురా' అన్నావు. ఇయ్యాలే సగమైందా నా వేలు? పొద్దుటికి పొద్దుట అరిగిందా?"

ఆయన గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

సుభానీ హైమావతి వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు బంగారం ఎప్పటి నుంచి కొంటన్నావు?"

"మనసయింది" అంది హైమావతి.

"మంచిది. ఆ కాసు మీద అక్షరం ఏందో చెప్పు."

హైమావతి కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసింది. ఒక్క షిల్లింగు కొనాలంటే నెల రోజులు భూతద్దం కింద పెట్టుకునే మనిషి ఆమె. రాణిగారి జడలో పాయలు లెక్కపెట్టి, అంచు మీద గీతలు లెక్కపెట్టి, ఇంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టనని హైదరాబాదు వేలం వాళ్లకి కార్డు రాసే మనిషి. అలాంటామెకి లక్షన్నర పెట్టి కొనబోయే కాసు మీద ఏ అక్షరముందో తెలియదు.

"ఎం కాబోలు" అంది చివరికి.

"ఎం అంటే మెల్‌బోర్న్ అక్కా. అది బొంబాయి కాసు."

 లాప్‌టాప్‌లో 188వ నంబరు నడుస్తోంది. ఇంకో అరగంటలో 212 వచ్చేస్తుంది.

హైమావతి కళ్లజోడు బల్ల మీద ఠపీమని పెట్టింది. "నా వల్ల కాదు నాగభూషణం. జీవితంలో ఒక్క టెలిగ్రాము కూడా తప్పుగా ఇవ్వలేదు నేను. ఈ వయసులో నాచేత ఇట్టాంటి పని చేయించావు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నాగభూషణరావు బల్ల అంచు పట్టుకున్నాడు. పెద్ద మనిషి, పెద్ద ఒళ్లు, ఊళ్లో పంచాయతీలు తీర్చిన నోరు. 

"ఆ కాసు నాది" అన్నాడు. "అమ్మకానికి పెట్టింది నేనే."

సుభానీ కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు నా బీరువాలోనే ఉంది. నువ్వు ఈ గదికి వచ్చిన మొదటి ఏడు, టీ తాగుతా మీ అమ్మ కాసు కథ చెప్పావు, గుర్తుందా? రాజు తలకిందులని చెప్పి నువ్వు నవ్వావు. నేనూ నవ్వా. ఇంటికి పోయి బీరువా తీసి చూసుకున్నా. మర్నాడే తెచ్చి ఇవ్వాల్సింది. ఇయ్యలా. బొంబాయి అక్షరం కాసు నా దగ్గర ఇంకోటి లేదురా సుభానీ. తక్కిన ఊళ్ల అక్షరాలు ఎస్సు ఉంది, ఎమ్ము ఉంది, పీ ఉంది, వరసలో అదొక్కటి తీస్తే చిల్లు పడిద్ది. రేపిద్దాం, పండక్కి ఇద్దాం అనుకుంటా పద్దెనిమిదేళ్లు నెట్టా. ఒకేడు దాటితే రెండో ఏడు చెప్పడం ఇంకా కష్టమైంది. ఇన్నేళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పను?"

"కంసాలి దగ్గర కొన్నావా?"

నాగభూషణరావు తల దించుకున్నాడు. అవుననే అనుకున్నారు అందరూ.

"ఇప్పుడెందుకు అమ్మకానికి పెట్టావు?" సుభానీ గొంతు ఇంకా తగ్గింది.

"ఆర్నెల్ల కింద గుండెకి స్టెంటు వేశారు గదా. ఇంటికొచ్చాక ఆ బీరువా తియ్యబుద్ధి కాలా. ఎవుడో ముక్కూమొహం తెలవనోడు కొనుక్కుపోతే నాకు పీడ పోయిద్దనుకున్నా. నువ్వు గోల్డు క్యాటలాగు చూడవు గదా, వెండే చూస్తావు. చూసేశావు. అప్పుడు వేలం వాళ్లకి ఫోన్ చేశా, వెనక్కి ఇచ్చెయ్యమని. క్యాటలాగు వేశాక కుదరదన్నారు. అందుకని హైమని బతిమాలా. నా డబ్బుతో ఆమె పాడి కొని, నీ చేతిలో పెట్టాలని. నీ డబ్బు నాకొద్దురా. మీ అమ్మ కాసుకి నీ దగ్గర డబ్బు తీసుకునే మొహం కాదు నాది. నువ్వు నాలుగు వేళ్లు ఇస్తావనుకుని హైమని అయిదు చెప్పమన్నా. నువ్వూ అయిదిచ్చావు. ఏం చెయ్యాలో తోచక..."

"నా వేలు కోశావు" అన్నాడు సుభానీ.

తప్పు చేసినవాడి కంటే దిద్దుకోబోయినవాడు ఎక్కువ తప్పులు చేస్తాడు. ఈ మాట నేనంటున్నది, సుభానీ కాదు. సుభానీ అప్పటికి కిటికీలోంచి చూస్తున్నాడు. మిల్లు ఆవరణలో పాత తూకం కాటా తుప్పుపట్టి పడి ఉంది. అతనికి ఏడుపూ వస్తోంది, ఆ పెద్దాయన్ని పట్టుకుని దులిపెయ్యాలనీ ఉంది. పద్దెనిమిదేళ్లు ఒకే ప్లేట్లో మిరపకాయ బజ్జీలు తిన్నారు ఇద్దరూ.

ముందు మాట్లాడింది ముస్కాన్. "తాతయ్యా, మీ వస్తువు మీద మీరే మనిషిని పెట్టి పాడిస్తే దాన్ని దొంగపాట అంటారు. రూల్స్‌లో రాశారు, నిన్న నేను చదివా. తెలిస్తే మిమ్మల్నీ హైమ అమ్మమ్మనీ ఇద్దర్నీ వేలంలోంచి తీసేస్తారు."

"నాకు రూలు తెలుసే తల్లీ."

"తెలిసే చేశారా?"

 హైమావతి నిట్టూర్చింది. "తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను ఒప్పుకుంటున్నా. నేను పాడను."

"అయితే నువ్వే పాడరా" అన్నాడు నాగభూషణరావు గబగబా. "ఎంతకైనా పాడు. రెండు లక్షలైనా పాడు. తర్వాత నా వాటా డబ్బు నీకే తిరిగిచ్చేస్తా. ఒట్టు."

సుభానీ కిటికీ దగ్గర్నుంచి వచ్చాడు. "అదీ దొంగపాటే బాబాయ్. అవతల ఎవుడో నిజం డబ్బుతో పాడతంటాడు. నేను నీ హామీతో పాడితే వాడికి అన్యాయం. మా అమ్మ కాసు అట్టా రాగూడదు. నా అయిదు వేళ్లతో వస్తే వచ్చిద్ది, లేకపోతే లేదు. నువ్వు మాట్లాడమాక. ఆ కుర్చీలో కూర్చో. పాట అయ్యేదాకా నోరు తియ్యమాక."

ఆ గదిలో నాగభూషణరావుని కూర్చోమన్నవాడు ఇంతవరకూ లేడు. ఆయన కూర్చున్నాడు.

212 రావడానికి ఇంకా పది నిమిషాలుంది. హైమావతి, సుభానీ తలలు దగ్గరపెట్టుకుని బొమ్మని పెద్దది చేసి చూశారు. ఎంత కోపమొచ్చినా పని మొదలైతే ఈ జాతి మనుషులకి మిగతాది గుర్తుండదు.

"బంగారం విలువే ఇవాళ్టి ధరకి లక్షకి దగ్గర" అంది హైమావతి. "అతుకుంది గాబట్టి పరువున్న కలెక్టరు లక్షా ఇరవై దాటడు. అతుకు లేని కాసు ఇంకోటి ఎప్పుడైనా దొరికిద్ది గదా అనుకుంటాడు."

"అక్షరం చూడక్కా. ఎంత స్పష్టంగా ఉందో. అమ్మ దీన్ని కుంకుడు రసంతో తప్ప తోమలా. ఇంత బాగా మిగిలిన అక్షరానికి పడేవాళ్లుంటారు."

"పడితే?"

"పడితే లక్షా నలభై."

"నీకు లక్షా యాభై దాకా ఉంది. మొదట్లో తొందరపడమాక. అవతలోడు పాడిన వెంటనే పాడితే నీ ఆత్రం తెలిసిపోయిద్ది. లోపల పది లెక్కపెట్టుకుని పాడు."

"బిస్మిల్లా" అంది ముస్కాన్, మౌస్ మీద చెయ్యి పెట్టి.

తెర మీద గడ్డం రాజు ప్రత్యక్షమయ్యాడు. పాట లక్ష దగ్గర మొదలై అయిదేసి వేలు పెరుగుతోంది. సుభానీ నంబరు 67. మొదట ముగ్గురు పాడారు. లక్షా ఇరవై దగ్గర హైమావతి చెప్పినట్టే ఒకరు తప్పుకున్నారు. మిగిలింది 41వ నంబరు. ఎవరో తెలియదు, ఎక్కడివారో తెలియదు. లక్షా ముప్పై అన్నాడు. సుభానీ కళ్లు మూసుకుని పది లెక్కపెట్టి తలూపాడు. ముస్కాన్ నొక్కింది. లక్షా ముప్పై అయిదు. 41 వెంటనే నలభై.

"ఆత్రగాడు" అంది హైమావతి.

"ఆత్రగాడు కాదక్కా, వరస పూర్తి చేసుకునేవాడు. చిల్లు పూడ్చుకుంటన్నాడు." సుభానీ నాగభూషణరావు వైపు చూడకుండానే అన్నాడు. కుర్చీలో ఆయన కదిలాడు, నోరు మాత్రం తియ్యలేదు.

ఇక్కడ సుభానీ ఒక లెక్క చూసుకున్నాడు. నలభై అయిదు తను పాడితే యాభై అతను పాడతాడు. అప్పుడు తన చివరి వేలు కూడా అతనికే పోతుంది. ఒక మెట్టు దాటేసి తిన్నగా యాభై పాడితే? బెదిరి ఆగవచ్చు. ఆగకపోతే తన దగ్గర ఇంకేమీ మిగలదు.

"తిన్నగా యాభై కొట్టవే" అన్నాడు.

"అబ్బా, అదే చివరిది గదా?" అంది ముస్కాన్ తండ్రి మొహం చూస్తూ.

"కొట్టు."

లక్షా యాభై పడింది. తెర కాసేపు నిశ్చలంగా ఉంది. హైదరాబాదు గదిలో పాటాయన సుత్తి ఎత్తాడు. 67 దగ్గరే ఆగింది, ఆగింది, ఇంకా ఆగింది. సుభానీ పెదాలు ఏదో చదువుకుంటున్నాయి.

41. లక్షా యాభై అయిదు.

ముస్కాన్ చెయ్యి మౌస్ మీంచి తీసేసింది. సుభానీ సగం వేలుని రెండో చేత్తో నలుపుకుంటూ కూర్చున్నాడు. నాగభూషణరావు పిడికిళ్లు రెండూ మోకాళ్ల మీద బిగుసుకుపోయాయి. బీరువా నిండా డబ్బున్న మనిషి ఆ ఒక్క నిమిషంలో ఉన్నంత పేదవాడు ఎప్పుడూ కాలేదు.

హైమావతి లేచి ఆయన భుజం మీది తువ్వాలు లాగింది. తెచ్చి సుభానీ ఒళ్లో పరిచింది. పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి దాని కింద పెట్టింది.

"చూడు" అంది.

సుభానీ తువ్వాలు కింద తడిమి చూశాడు. మూడు వేళ్లు. సన్నగా, ముడతలు పడి, ముప్పై ఏళ్లు స్టాంపులు కొట్టిన వేళ్లు. ఎంతిచ్చిందో కూతురికీ తెలియదు, పెద్దాయనకీ తెలియదు. ఆ తువ్వాలు అందుకే.

"అక్కా, ఇవి నీ షిల్లింగుల డబ్బులు. 230వ నంబరు కోసం ఏడాది నుంచి..."

"షిల్లింగులు వచ్చే ఏడూ వేలానికొస్తాయి, ఎక్కడికీ పోవు. మీ అమ్మకి ఎనభై నాలుగు. పాడు, టైమైపోతంది."

పాటాయన సుత్తి ఎత్తి "వన్స్" అన్నాడు. "ట్వైస్" అనడానికి నోరు తెరిచాడు.

"అరవై" అన్నాడు సుభానీ. ఇరవై ఏళ్లలో మొదటిసారి గొంతెత్తి.

ముస్కాన్ ఎంత గట్టిగా నొక్కిందంటే మౌస్ కిందపడింది. తెర మీద 67 వచ్చింది. లక్షా అరవై.  41వ నంబరు ఆలోచిస్తున్నాడు. అతుకు కాసు. మెడ కింద అతుకు. ఇంకోటి ఎప్పుడైనా దొరుకుతుంది. ఆలోచించు నాయనా, ఇంకా ఆలోచించు.

సుత్తి పడింది.

సుభానీ ఏడ్చాడు. దాచుకోలేదు, చాటుకి పోలేదు. తువ్వాలు ఒళ్లోనే ఉంది కాబట్టి దానితోనే ముఖం తుడుచుకున్నాడు. హైమావతి అతని వీపు మీద ఒక దెబ్బ వేసి తన కళ్లు తుడుచుకుంది. నాగభూషణరావు మాత్రం కూర్చోమన్న కుర్చీలోనే ఉన్నాడు. సుభానీ లేచి ఆయన దగ్గరకి వెళ్లాడు. తువ్వాలు ఆయన భుజం మీద వేశాడు.

"కోపం పోలేదు బాబాయ్. చానా రోజులుంటది. రెండో ఆదివారం మాత్రం వస్తా" అన్నాడు.

ఆ పెద్దాయన తువ్వాలు కొస రెండు చేతులా పట్టుకున్నాడు.

"దాదీకి చూపిద్దాం అబ్బా" అంటూ ముస్కాన్ అప్పటికే ఇంటికి వీడియో కాల్ కలిపేసింది. అవతల సుభానీ భార్య జరీనా ఫోన్ పట్టుకుని జాన్‌బీ మంచం దగ్గర కూర్చుంది. ముస్కాన్ లాప్‌టాప్ తెరకి ఎదురుగా ఫోన్ పెట్టి కాసు బొమ్మ చూపించింది. జాన్‌బీ ఆపరేషన్ చేయించుకున్న కళ్లు చికిలించి ముఖం ఫోనుకి ఆనించింది. అందరికీ ఆమె నుదురే కనిపిస్తోంది.

"అమ్మా, గుర్తుపట్టావా?" అన్నాడు సుభానీ.

"మెడ కింద కొక్కెం పెట్టిన చోటు గదా అది" అంది జాన్‌బీ. ఆమె వేలు ఫోను మీద రాజు గడ్డాన్ని రాసింది. చాలాసేపు రాసింది. "వచ్చాడా బేటా? మళ్లీ వచ్చాడా? ఇంత శుభ్రంగా ఉంచారే ఎవరో, అల్లా వాళ్లని చల్లగా చూడాల."

నాగభూషణరావు చేత్తో ముఖం కప్పుకున్నాడు.

"వారం లోపల నీ చేతిలో పెడతానమ్మా."

"పెట్టు, పెట్టు." జాన్‌బీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగింది. "రాజొచ్చాడు, బాగుంది. మరి రాణి ఏదిరా?"

"ఏ రాణి?"

"ముసుగు రాణి. నా నిఖాకి మీ అబ్బా పెట్టిన కాసు. అది మెళ్లో వెయ్యలా, పెట్టెలో దాచా, నీకు తెలవదు. నీ షాపు కోసం ఆ రోజు రెండూ తీసిచ్చా గదా. రాజు దొరికితే రాణి కూడా అక్కడే ఉండాల."

సుభానీ మెల్లగా తిరిగి నాగభూషణరావు వైపు చూశాడు. హైమావతీ చూసింది. ఆరిందనుకున్న కోపం సుభానీ ముఖంలోకి మళ్లీ వస్తోంది.

"బాబాయ్."

"నా దగ్గరకొచ్చింది ఒక్కటే."

"ఇంకా ఏం దాస్తన్నావు?"

నాగభూషణరావు లేచి నిలబడ్డాడు. "ఒక్కటి దాచా. నాకు ఆ కాసు అమ్మింది కంసాలి కాదురా. నువ్వు అడిగినప్పుడు తల దించుకున్నా గానీ అవునన్లా. అమ్మింది మీ నాయన."

సుభానీ తండ్రి రసూల్ ఆ జిన్నింగ్ మిల్లులోనే మెకానిక్‌గా చేసిన మనిషి. పోయి ఇరవై తొమ్మిదేళ్లయింది.

"ఇదే బల్ల మీద రెండూ పెట్టాడు. ఆ రాణిని చూసి నాకు ఆశ పుట్టింది, రెట్టింపు ఇస్తానన్నా. మీ నాయన ఇయ్యలా. షాపుకి రాజు ఒక్కడు చాలు, తక్కువైంది అప్పిచ్చి నా జీతంలో కోసుకోండి అన్నాడు. రాణిని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. 'దీన్ని ఇంటికే తీసకపోతన్నానయ్యా. జాన్‌బీకి చెప్పమాకండి, రెండూ అమ్మాననే చెప్తా. పిల్లోడు నిలదొక్కుకున్నాక నేనే ఇచ్చి ఆశ్చర్యపోయేట్టు చేస్తా' అన్నాడు. ఆ తర్వాత ఇచ్చే ఉంటాడనుకున్నా. ఇయ్యాలే తెలిసింది, ఇయ్యలేదని."

 రసూల్ పక్షవాతం వచ్చి మాట పడిపోయి పోయాడు. చివరి నెల అంతా భార్య చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయేవాడని సుభానీకి తెలుసు. దాహమనుకుని నీళ్లు తాగించేవారు.

ఫోనులో జాన్‌బీ ముఖం కనపడటం మానేసింది. ఇంటి పైకప్పు, ఫ్యాను, మళ్లీ పైకప్పు కనిపించాయి. మంచం కిర్రుమంది.

"దాదీ లేస్తంది!" అంది ముస్కాన్. "అమ్మీ, పట్టుకో!"

"నన్నెవురూ పట్టుకోబన్లా" అంది జాన్‌బీ గొంతు. పదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు అది. "బేటా, వింటన్నావా? నువ్వు షాపు తెరిచిన ఏడే మీ అబ్బా వంటింటి గూడు సిమెంటు పెట్టి మూసేశాడు. ఎలకలొస్తన్నాయన్నాడు. మనింట్లో ఎలకలు ఎప్పుడున్నాయిరా? ఏమే జరీనా, సుత్తి యాడుంది?"